పిండి మీద తెల్లక్షరాలు

పొద్దున విచారణ గదిలో వదిన పరువు గంగలో కలిసింది. పదేళ్లుగా సినిమాలకు సబ్‌టైటిల్స్ వేస్తోంది, ఒక్కసారి కూడా అక్షరాల వెనక నల్ల పెట్టె పెట్టలేదు. పెట్టె పెడితే బొమ్మకు మసి పూసినట్టేనని ఆమె నమ్మకం, పైగా అదో గర్వం. అదే అలవాటులో మరిది కేసు వీడియోకీ తెల్లక్షరాలే వేసేసింది. కానీ ఓనరు మనుషులు అతన్ని కొట్టింది పిండి మిల్లులో! నేల తెలుపు, గోడ తెలుపు, బస్తాలు తెలుపు, గాల్లో లేచే దుమ్ము కూడా తెలుపే. అక్షరాలు అందులో కలిసి మాయమైపోయాయి.

చేతులు పడకుండా మిషన్‌కు కంచె లేదని కంప్లైంట్ రాశాడు, ఆ మిల్లులోనే పనిచేసే మరిది. అదీ అతని నేరం. కొట్టిందంతా మిల్లు కెమెరాలో పడింది గానీ సౌండ్ నిండా మిషన్ల రొద. ల్యాబ్ వాళ్లు ఒక్కో మాటా విని, రాసి, సర్టిఫికెట్ ఇచ్చారు. ఏ మాటకు ఎవరి నోరు కదిలిందో బొమ్మతో కలిపి చూస్తానన్నాడు విచారణాధికారి. చూశాడు. మిల్లు ఓనరు చెయ్యెత్తడం కనిపించింది. ఏమన్నాడో కనిపించలేదు.

"ఆపండ్రా అని అరిచాను సార్," అన్నాడు ఓనరు, లేని కన్నీళ్లు తుడుచుకుంటూ. "నాకు సొంత తమ్ముడి లెక్క సార్ వాడు!"

"మూడింటికల్లా చదవగలిగేలా తెండమ్మా," అన్నాడు అధికారి. "లేకపోతే ఫైలు ఇక్కడితో మూసేస్తా."

ఎదురు వీధిలో మేడమీద ఆమె ఎడిటింగ్ గది. ఒక్క పరుగున ఎక్కింది. వెనకే మరిది, దవడ తీగలతో బిగించి కుట్టిన మొహంతో, చేతిలో నోట్‌బుక్‌తో.

"తిట్టవయ్యా నన్ను. తిడితేనన్నా నా మనసు కుదుటపడుతుంది."

అతను రాసి చూపించాడు: 'తీగలు విప్పాక అన్నీ కలిపి తిడతాలే. పని చూడు వదినా.'

వీడియో మొదలైంది. ఇనపరాడ్ లేచింది, భుజం మీద పడింది. మళ్లీ లేచింది, దవడ పగిలింది. మరిది తెర మూల వేలు పెట్టి ఇంకో ముక్క రాశాడు: 'అది గోధుమ గింజ కాదు, నా పన్ను.' ఆమెకు నవ్వూ వాంతీ ఒకేసారి వచ్చాయి.

ముందు పెట్టెను సగం పారదర్శకంగా పెట్టింది. పిండి దుమ్ము దానిలోంచి కనిపిస్తూ అక్షరాలను మింగేసింది. చిక్కటి నలుపు చేసింది. అంతే, మాటలు కళ్లలోకి దూకాయి! మూడో మాట దగ్గర మాత్రం ఆమె చేతులు ఆగిపోయాయి. కింద పడ్డ మరిది వేళ్లను ఓనరు బూటుతో నలిపేది సరిగ్గా పెట్టె కిందే. మాట ఉంచితే బూటు పోతోంది, బూటు ఉంచితే మాట పోతోంది.

మరిది వేలు పైకి చూపించాడు.

"పైనా? మొత్తమా?" అతను తల అడ్డంగా ఊపి మూడు వేళ్లు చూపించాడు. నిజమే, ఆ ఒక్క మాటే! పెట్టెను బస్తాల మీదకు లేపి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఎక్స్‌పోర్ట్ నొక్కింది.

తొంభై ఒకటి శాతం దగ్గర తలుపు బద్దలైంది. వీడియోలో రాడ్ పట్టినవాడే, ఓనరు మనిషి, మిల్లులో 'గేటు' అంటారు, ఆకారం అలాంటిది.

"ఏం చెల్లెమ్మా, అక్షరాలకి మేకప్పా?"

జుట్టు పట్టి ఆమె నుదురు బల్లకేసి కొట్టాడు. కనుబొమ్మ చీలింది. ఆమె లాప్‌టాప్ మీద బోర్లా పడి కరుచుకుపోయింది. ఎడమచెయ్యి లాగి సొరుగులో పెట్టి మూశాడు. రెండు వేళ్లు పుటుక్కుమన్నాయి.

మరిది ట్రైపాడ్ తీసి వాడి మోకాలి మీద కొట్టాడు. గేటు కూలుతూనే అతని డొక్కలో తన్నాడు. మరిది అరవలేడు, తీగల మధ్య నుంచి మూలుగూ నెత్తురూ కారాయి. అయినా లేచాడు. ట్రైపాడ్ ఈసారి గేటు తల మీదకు లేచింది.

"తలకాయ వద్దు! తలకాయ వద్దయ్యా!" ఆమె గొంతు చించుకుంది. "మూడింటికి మనమే ముద్దాయిలవుతాం!"

ట్రైపాడ్ గాల్లో వణికి, మోకాలి మీదే మళ్లీ దిగింది. ఎముక విరిగిన చప్పుడు, గేటు పెట్టిన కేక. నూరు శాతం. పెన్‌డ్రైవ్ పీక్కుని, మెట్ల మీద నెత్తురు చుక్కలు రాల్చుకుంటూ ఉరికారు.

మూడింటికి ఇంకా మూడు నిమిషాలు. విచారణ గదిలో ప్రొజెక్టర్ మళ్లీ వెలిగింది. నల్ల పెట్టెలో మొదటి మాట: 'పట్టుకోండి వాణ్ణి.' రెండోది: 'ఇంకోటి వెయ్. దవడ మీద.' ఓనరు నోరే కదులుతోంది.

అతను ఒక్క ఉదుటున లేచి ప్రొజెక్టర్ వెలుగులో తెరకు అడ్డంగా నిలబడ్డాడు. "దొంగ వీడియో సార్!" అతని తెల్లచొక్కా మీద ఆ మాటే, పెట్టెతో సహా, పొట్ట మీద నల్లగా నిలబడింది.

"రాసుకో," అన్నాడు అధికారి గుమాస్తాతో, చొక్కా వైపే చూస్తూ.

ఓనరు ఒక్క దూకు దూకి వదిన గొంతు పిసికాడు. ఆమె కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు వాడి చేతులు విరిచి నేలకేసి అదిమారు. ఆ గలాటాలో ఎవరూ వీడియో ఆపలేదు. అందరి తలల పైన, బస్తాల మీద, మూడో మాట వెలిగింది: 'ఈ చేత్తోనేగా కంప్లైంట్ రాశావ్?' కింద బూటు, బూటు కింద వేళ్లు.

దగ్గుతూ తలెత్తిన వదినను మరిది మోచేత్తో పొడిచాడు. అతను తెరను చూడడం లేదు. అధికారి పెదాలను చూస్తున్నాడు. అవి నెమ్మదిగా, తెర మీది అక్షరాలను మాట తరవాత మాటగా చదువుతూ, కదులుతున్నాయి.