ఆగిన కారణం

తయారీ ఆగిపోయిన ఎలక్ట్రానిక్ కార్డులను వెతికి తేవడం నా పని. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ముఖీత్ భాయ్ దుకాణంలో చేరి మూడేళ్ళయింది. మిల్లుల్లో యంత్రాలను నడిపే పాత కంట్రోల్ ప్యానెళ్ళు చెడిపోతే ఆయన దగ్గరికే వస్తారు. కంపెనీ ఆ కార్డులు చేయడం మానేసి ఇరవై ఏళ్ళయినా యంత్రాలు వాటితోనే నడుస్తాయి. అందుకని మూతపడ్డ ఫ్యాక్టరీల్లోంచి తీసుకొస్తాం.

"సచ్చినోళ్ళ కిడ్నీలు తీసి బతికినోళ్ళకు పెడుతున్నం బేటా," అంటాడు ముఖీత్ భాయ్. "దువా తగుల్తది."

ఆ శనివారం ఇందల్వాయి రైస్ మిల్లు కోసం ఒక కార్డు కావలసి వచ్చింది. బోధన్ అవతల, పదకొండేళ్ళ కింద మూతపడిన ఒక చిన్న చక్కెర మిల్లులో అలాంటిది ఉందని తెలిసింది. యజమానులు తీసుకోమన్నారు. సోమవారం తుక్కువాళ్ళు ప్యానెళ్ళు కోసేస్తారు కాబట్టి మధ్యాహ్నం బస్సుకే బయలుదేరాను.

వాచ్‌మన్ లింబయ్య గేటు తీశాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఇక్కడే ప్యానెల్ ఆపరేటర్. లోపల పావురాలు తప్ప ఏమీ లేవు. అయినా చెరుకు మడ్డి వాసన గోడల్లోంచి ఇంకా వస్తూనే ఉంది. ఇనుప మెట్లెక్కి కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళాం. అంతటా దుమ్ము. ప్యానెల్ తలుపు మాత్రం తుడిచి ఉంది.

తెరిచి చూస్తే లోపలి బ్యాటరీ కొత్తది.

"ఇదెవరు మార్చిండ్రు?"

"నేనే. రెండేండ్లకోపాలి. పాతది తీసి కొత్తది ఐదు నిమిషాల్ల పెట్టకుంటే అన్నీ మర్సిపోతదని మా ఇంజినీర్ సెప్పిండు."

"మిల్లే లేదు గద తాతా. ఏం గుర్తుండాలె దీనికి?"

అతను కుర్చీలో కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు.

మిల్లు ఆఖరి సీజన్‌లో తుకారాం అనే కూలీ చెరుకు మోసుకెళ్ళే క్యారియర్‌లో పడి చనిపోయాడు. ఆ రోజుతోనే మిల్లు ఆగిపోయింది. క్యారియర్ పొడవునా ఒక తాడు ఉంటుంది. దాన్ని ఎవరు లాగినా క్యారియర్ ఆగాలి. ఎండకు ఆ తాడు సాగి, ఎవరూ లాగకుండానే క్యారియర్ ఊరికే ఆగేది. షిఫ్టుకు ఇరవైసార్లు రీసెట్ బటన్ నొక్కలేక ఆపరేటర్లు అది నొక్కే ఉండేలా అందులో అగ్గిపుల్ల ఇరికించేవాళ్ళు. అప్పుడు తాడు లాగినా క్యారియర్ ఆగదు. ఆ సాయంత్రం ఆరు కావస్తుండగా, తుకారాం పడ్డప్పుడు, ప్యానెల్ మీద ఉన్నది లింబయ్య.

"జనం ఉరికొచ్చేలోపు పుల్ల తీసేసిన. తాడు లాగలే, తాగి ఉన్నడని మిల్లోళ్ళు రాసుకున్నరు. నేను నోరు మెదపలే." అతను ప్యానెల్ వైపు చూపించాడు. "తాడు లాగితే ఇది రాసిపెట్టుకుంటది. లాగిండా, లాగలేదా? నాకు గదొక్కటి తెల్వాలె."

"పదకొండేండ్ల నుంచి ఎవల్నీ అడగలేదా?"

"సదివే మిషిని ఇంజినీర్లు పట్కపోయిండ్రు. ఉన్నా అడుగుదునో లేదో. పొద్దుగాల నువ్వొస్తున్నవంటే ఇంట్లకెల్లి పారిపోదామనిపించింది."

ప్యానెల్‌లో ఉన్నది చదివే ముఖీత్ భాయ్ పాత చేతి ప్రోగ్రామర్ నా దగ్గర ఉంది. నేను తెచ్చిన ఇన్వర్టర్‌కు ప్యానెల్ వైరు కలిపాను. లోపల రిలే స్విచ్చులు టకటకా కొట్టుకున్నాయి. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. కింద షెడ్డులో పావురాలు ఒక్కసారిగా లేచాయి. లింబయ్య కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ప్రోగ్రామర్ చిన్న తెర మీద, ఆగిన కారణాల పట్టిక తెరిచాను. ఆఖరి మూడు వరుసలు ఒకే తేదీవి. క్యారియర్ తాడు, ఐదూ నలభై ఒకటి. క్యారియర్ తాడు, ఐదూ నలభై ఒకటి. క్యారియర్ తాడు, ఐదూ నలభై రెండు. ఎండకు సాగిన తాడు పొద్దుగూకే వేళ ఇలా వెంటవెంటనే మూడుసార్లు పడదు, ఇది చెయ్యి లాగిందే.

"సెప్పు బిడ్డా."

లాగలేదని చెప్పొచ్చు. అతనికి ఇంగ్లిష్ రాదు. కార్డు తీస్తే ఈ పట్టిక ఎలాగూ పోతుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"మూడుసార్లు," అన్నాను.

అతను తలూపాడు. లేచి మెట్లు దిగాడు. పారిపోయాడేమో అనుకున్నాను. అరగంటకు ఒక ఆడమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. తుకారాం భార్య భూమవ్వ. మిల్లు వెనక పాత క్వార్టర్లలో ఉంటుంది. దారిలోనే అంతా చెప్పినట్టున్నాడు. ఆమె అతని వైపు చూడడం లేదు.

"ఏది, మా ఆయన లాగింది?"

చూపించాను. ఆమె ఆ చిన్న అద్దం మీద ఒక్కో వరుసా వేలితో తడిమింది.

"తాగిపడ్డోని పెండ్లామన్నరు నన్ను," అంది. "నేను గూడ నమ్మిన. సమాధికాడికి పోయి తిట్టొచ్చిన."

ఆమె వేలు ఇంకా ఆఖరి వరుస మీదే ఉంది.

"ఇది తీస్తే గీ రాత ఉంటదా?"

"ఉండదవ్వా. ఫోన్ల ఫొటో తీసిస్త."

"నాకు ఫోనేడిది. కాయితం మీద రాయి."

ఫొటో తీసి, మూడు వరుసలూ తెలుగులో రాశాను. లింబయ్య నా చేతిలోంచి పెన్ను తీసుకుని, వాటి కింద తనే ఇంకో వరుస రాశాడు. "బటన్‌లో అగ్గిపుల్ల పెట్టింది నేను." సంతకం చేశాడు.

భూమవ్వ దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"తప్పయింది వదినా," అన్నాడు లింబయ్య.

"రోజూ నా ఇంటి ముంగట్నుంచే పోయినవ్ లింబన్నా," అంది ఆమె. "బాగున్నవా అని అడిగినవ్."

తరువాత నాతో, "ఇగ తీస్కో బిడ్డా," అంది.

కార్డు లాగాను. దీపాలన్నీ పోయాయి. లింబయ్య ప్యానెల్ వైపే చూస్తూ కూర్చున్నాడు. భూమవ్వ కాగితం మడిచి కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. బయటికి పోవాలంటే క్యారియర్ పక్కనుంచే పోవాలి. ఆమె అడుగుల చప్పుడు అక్కడ ఆగింది. మేమిద్దరం వింటూ ఉన్నాం. ఆ అడుగులు చాలాసేపటిదాకా మళ్ళీ కదల్లేదు.