రబ్బరు తొడుగులు

"తొడుక్కుంటే ఏటి పోతాదే నీకు?" మళ్లీ అడిగింది అత్త దాలమ్మ.

"నాకేటీ పోదు అత్తా. అవి తొడిగితే గేదే పాలు సేపట్లేదు," అంది సుహాసిని.

పొద్దున్నుంచీ ఇదే మాట. గులాబీ రంగు రబ్బరు తొడుగులు నీళ్ల గోలెం అంచు మీద వేలాడుతున్నాయి. సుహాసిని వేళ్ల మీద తెల్ల మచ్చల్ని అరసవల్లిలో పాలు కొనే టీకొట్టు అతను వింతగా చూశాడని, ఆ తొడుగులు కొని తెచ్చాడు మొగుడు ధర్మేంద్ర. బొల్లి అంటదనీ, పై చర్మంలో రంగు తయారవడం ఆగిపోయిందంతేననీ డాక్టరు చెప్పినప్పుడు అతనూ పక్కనే ఉన్నాడు. అత్త చెప్పిందని ఆదివారాలు ఉప్పు మానేసి సూర్యుడి గుడికీ తిరిగింది సుహాసిని. ఇప్పుడు ఓపిక లేదు.

"అంటదని మనకి తెలుసు. పాలు కొనేవోడికి తెలవద్దా?" అంటూ దాలమ్మ తనే చెంబు తీసుకుని కూర్చుంది.

ఎండకి గేదె నల్లటి తోలు బీటలు తీసింది. అత్త మొరటు వేళ్లు పగిలిన చన్నుల మీద పడగానే, ఈగ వాలినట్టు దాని ఒళ్లంతా జలదరించింది. కాలు ఎత్తింది. చెంబు దొర్లింది. దూడ అరుస్తోంది.

"సుక్కా, నా తల్లి కదా," అని దాలమ్మ దాని నుదుటి మీద తెల్ల మచ్చని నిమిరింది. ఆ మచ్చని చూసే ఆ పేరు పెట్టింది ఆవిడ.

సుహాసిని చూస్తూ నిలబడింది. తర్వాత దాని ఒంటి మీద నీళ్లు పోసి, వట్టి చేతులతో చన్నులకి కొబ్బరినూనె రాసింది. గేదె మెల్లగా కళ్లు మూసింది. కాసేపటికి చెంబులో నురగ లేచింది.

"పాలు తీసేవు కదా. పోసినప్పుడైనా తొడుక్కో," అంది దాలమ్మ నెమ్మదిగా.

రాత్రి సుహాసిని అందరికీ అన్నాలు పెట్టాక, మజ్జిగ గిన్నె మధ్యలో ఉంచి, మామ నరసింగరావు పక్కనే గోడకి ఆనుకుంది.

"రేపట్నుంచి అవి తొడగను," అంది, గొంతు పెంచకుండా. "పాలు నేనే తీస్తాను. టీకొట్టుకి నేనే పట్టుకెళ్లి పోస్తాను. ఆడు వొద్దంటే మనవే తాగుదుం."