లెఫ్ట్ కార్నర్ భానుశ్రీ

వాచ్‌మన్ రత్తయ్య గదిలోంచి సుత్తి తేవాలి. బట్టలుతికే బండ కడగాలి. పదో తరగతి ఆడపిల్లల్ని ప్రార్థనకు ముందే వరసలో నిలబెట్టాలి. ఫోను దొరికిన పిల్లను బండ పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టాలి. ప్రిన్సిపాల్ తలూపగానే బండ మీద పెట్టిన ఫోనుకు సెక్షన్ లీడర్ మొదటి దెబ్బ వెయ్యాలి. ఆ తర్వాత తక్కినవాళ్లంతా తలో దెబ్బ.

విజయవాడ శివార్లలో కాలవ పక్కనున్న ఆ రెసిడెన్షియల్ స్కూల్లో అదీ పద్ధతి. ఫోను ఎవరిదైనా పగలగొట్టాల్సింది తోటిపిల్లలే. కక్షలు పిల్లల మధ్య పెరుగుతాయి, కొట్టించినవాడు చల్లగా ఉంటాడు.

లీడర్ సత్యశ్రీ చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసే పిల్ల. వాళ్లమ్మ నాంచారమ్మ కైకలూరులో కొల్లేటి చేపలమ్ముతుంది. సత్యశ్రీ సుత్తి తెచ్చింది, బండ కడిగింది. తీరా చూస్తే మోకాళ్ల మీద కూర్చున్నది భానుశ్రీ.

ఆ స్కూల్లో ఆటలు గేటు పక్క ఫ్లెక్సీలోనే ఉంటాయి. అందులో కబడ్డీ ఆడుతున్న పిల్లలు ఏ ఊరివాళ్లో ఎవరికీ తెలియదు. రోజంతా ట్యాబ్ ముందు కూర్చోబెట్టి పాఠాలు చెప్పించే ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావుకు ఫోనూ ఆటా రెండూ చదువును పాడుచేసేవే. ఆడుతూ దొరికితే హాస్టల్ నుంచి పంపేస్తారు. అయినా డాబా మీద, ఆరేసిన యూనిఫాంల మధ్య, ఏడుగురు కబడ్డీ ఆడేవాళ్లు. ఫోన్లో మ్యాచ్‌లు చూపించి పట్లు నేర్పింది మైలవరం కూలీల పిల్ల భానుశ్రీ. పామర్రులో జిల్లా సెలక్షన్లున్నాయని కబురొచ్చిందీ ఆ ఫోనుకే. ఆమెది లెఫ్ట్ కార్నర్, పట్టేవాళ్ల వరసలో ఎడమ చివరి చోటు. కూతకొచ్చినవాళ్లను పట్టడానికి చేతులు కలిపి చైన్ కట్టినప్పుడు ఆమె చెయ్యి పట్టుకునేది సత్యశ్రీ.

ఫోన్లో సెలక్షన్ల కబురు చదివి, మిగతా ఆరుగురి పేర్లు చెప్పమన్నాడు ప్రిన్సిపాల్.

"నేనొక్కదాన్నే ఆడుకున్నా సార్."

"కబడ్డీ ఒక్కదానివే ఆడావా?"

"అలవాటైపోయింది సార్. ఇక్కడ అన్నీ ఒక్కళ్లమే కదా."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసంతా పాకింది. రామకోటేశ్వరరావు మొహం మాడిపోయింది. ఫ్లోర్ ఇన్‌చార్జి దుర్గాప్రసాద్ ప్లాస్టిక్ పైపు తీసుకున్నాడు. కొట్టిన చోటల్లా భానుశ్రీ తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఎర్రబడింది. ఆమె పళ్లు బిగబట్టింది గానీ ఒక్క పేరూ చెప్పలేదు.

ప్రిన్సిపాల్ సత్యశ్రీ వైపు చూసి తలూపాడు.

సుత్తి పైకి లేచింది. కొట్టనంటే సత్యశ్రీ పేరూ బయటపడుతుంది, పబ్లిక్ పరీక్షల ముందు ఇంటికి పోవాలి. చేపముళ్లు గీరిన అమ్మ వేళ్లు కళ్లముందు ఆడాయి. భానుశ్రీ తలెత్తి నెమ్మదిగా అంది.

"కొట్టవే, ఫోనేగా. నీ చదువు ఆగకూడదు."

 సత్యశ్రీ సుత్తిని గిరగిరా తిప్పి గోడ అవతలికి విసిరేసింది. కాలవలో బుడుంగుమన్న చప్పుడు అందరూ విన్నారు.

దుర్గాప్రసాద్‌కు పిచ్చెక్కినట్టయింది. భానుశ్రీ జుట్టు పట్టి బండకేసి ఒక్క తోపు తోశాడు. కణత పగిలింది. సత్యశ్రీ పొద్దున కడిగిన బండ మీదుగా నెత్తురు కారి నేలలో ఇంకింది.

సత్యశ్రీ వంగి ఒక చేత్తో భానుశ్రీ చెయ్యి అందుకుంది. రెండో చెయ్యి పక్కపిల్ల మణికట్టు మీద బిగిసింది. ఆరుగురూ కలిశారు. ఆ తర్వాత ఏనాడూ ఆట ఆడని పిల్లలు కలిశారు. వరస చైనయింది.

దుర్గాప్రసాద్ పైపెత్తుకుని నడిమికి దూకాడు. మధ్యలో కొడితే తెగిపోతారనుకున్నాడు. కబడ్డీ తెలిసినవాడెవడూ ఆ పని చెయ్యడు. నడుమ పిల్లలు దెబ్బలు తింటూనే వెనక్కి తగ్గారు, చివరలు గబుక్కున మూసుకున్నాయి. ఒకతె పెదవి చీలింది, ఒకతె చెయ్యి విరిగింది, పట్టు మాత్రం వదల్లేదు. చీలమండలు దొరకబుచ్చుకుని వాణ్ణి నేలకేసి కొట్టారు. వాడి పైపు వాడి వీపు మీదే విరిగింది. రామకోటేశ్వరరావు గోడకు అంటుకుపోయి, ఫోను తీసి పోలీసుల్ని పిలిచాడు. ఆ ఆవరణలో బండ మీదికి రాని ఫోను అదొక్కటే.

ఎవరూ చెప్పకుండానే రత్తయ్య గేటు తీశాడు. గేటు పక్కనున్న అతని ఆటోలోనే భానుశ్రీని ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెట్ల దగ్గరే ఆమె ప్రాణం పోయింది.

మధ్యాహ్నానికి బెంజ్ సర్కిల్‌లో బస్సులు ఆగిపోయాయి. నెత్తుటి యూనిఫాంలతోనే పిల్లలు రోడ్డుకు అడ్డంగా చైన్ కట్టి కూర్చున్నారు. వేరే స్కూళ్ల పిల్లలు గోడలు దూకొచ్చి కలిశారు. హంతకుల్ని జైల్లో వెయ్యాలి, మా ఆట మాకివ్వాలి అన్నారు. లాఠీలు లేచాయి. తలలు పగిలాయి. ఒక్కొక్కరినీ పీకి వ్యాన్లోకి విసిరారు.

సత్యశ్రీ ఎడమ చెయ్యి ఖాళీగా పక్కకు చాపి ఉంది, వేళ్లు బిగించి.

"ఎవరే నీ పక్కన?" అని అరిచాడు ఎస్సై.

"లెఫ్ట్ కార్నర్ సార్."

వ్యాన్లో కూడా ఆ పిల్ల చెయ్యి దించలేదు. మర్నాడు పామర్రులో, మైలవరంలో బళ్ల ముందు చైన్లు మొదలయ్యాయి.

మీ ఊళ్లో పిల్లలు చేతులు కలిపి నిలబడితే ఎడమ చివర చూడండి. ఒక చోటు ఖాళీగా ఉంటుంది. అది మైలవరం భానుశ్రీది. ఆమెను గుర్తుపెట్టుకోండి.