ముందు బండిని లేపారు

జాయిద్ మోటారు సైకిల్ ఎయిర్ ఫిల్టరుకు నూనె పట్టించి, దాని మీద ఆడవాళ్ళ మేజోడు తొడిగాడు. మెర్జూగా ఎడారి ఇసుక ఇంజనులో దూరకుండా అదే కాపలా.

"అన్నా, వదిన మేజోళ్ళన్నీ దీనికే తొడుగుతున్నావ్. ఆమెకేమన్నా మిగిల్చావా?" అన్నాడు చెయిన్ బిగిస్తున్న తమ్ముడు మొహా.

"ర్యాలీ రేసు నుంచి వచ్చాక కొత్తవి కొనిస్తాలే. నీ చెయిన్ సంగతి చూడరా."

ఏళ్ళ తరబడి బండ్లు తయారుచేసింది జాయిద్. పరీక్షించిందీ జాయిదే. ర్యాలీలో నడిపేది మాత్రం ఎవడో పైదేశం దొర. ఈసారి, అందరూ మాలెం, అంటే మేస్త్రీ, అని పిలిచే షెడ్డు యజమాని మిమూన్ మాటిచ్చాడు: నిండు ట్యాంకులతో పెద్ద ఇసుక దిబ్బ దాటించు, బండి నిలబడితే ర్యాలీ నీది.

"కొన మీద ఆగి అవతలికి చూడు. నిన్నంతా తూర్పుగాలి," అన్నాడు మిమూన్ దిబ్బ కింద నిలబడి.

"నేను మేకలు కాసిన దిబ్బ మాలెం! ఆగి చూసేది పరాయోళ్ళు."

ఆగలేదు. యాక్సిలరేటర్ ఆఖరిదాకా మెలేశాడు. కొన దాటాడు. అవతల, చిన్నప్పుడు జారి ఆడుకున్న వాలు లేదు. గాలి దాన్ని గోడలా కోసేసింది.

ట్యాంకుల బరువుకి బండి తలకిందులైంది. ఎముక విరిగిన చప్పుడు హెల్మెట్ లోపలికే వినిపించింది. ఆ విరిగిన కాలి మీదే బండి పడింది. కాలుతున్న సైలెన్సరు తొడకు అతుక్కుంది. ప్యాంటు, తోలు, మాంసం కలిసి కమురుకంపు. జాయిద్ పశువులా అరిచాడు.

జీపు వచ్చింది. మొహా పార పట్టుకుని దూకాడు. మిమూన్ వచ్చి హ్యాండిలు పట్టుకుని బండిని లేపాడు. లేపి దాన్నే తడిమాడు.

"ఫోర్కు వంగలేదు! ట్యాంకు కారలేదు! పాసయిందిరా!"

మొహా పార పడేసి అన్న తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మాలెం... నా ర్యాలీ?"

"ఆ కాలితోనా? అయినా ర్యాలీకి పారిస్ దొర పేరు పోయిన నెలే ఇచ్చేశాను. నీకు ఆశ చూపకపోతే ఇంత గట్టిగా తోలేవాడివా?"

జాయిద్ చెయ్యి పార మీద పడింది. పడుకునే తిప్పి కొట్టాడు. మిమూన్ మోకాలి చిప్ప పగిలింది. మిమూన్ ఒక పక్కకి, బండి ఇంకో పక్కకి కూలారు. జాయిద్ మోచేతుల మీద పాక్కుంటూ వెళ్ళి ఇంజను మీద పార అంచుతో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అల్యూమినియం మూత చిట్లి, నల్లనూనె ఇసుకలోకి కారేదాకా కొట్టాడు.

"పట్టుకోరా వాణ్ణి!" కేక పెట్టాడు మిమూన్.

మొహా కదల్లేదు.

"తమ్ముడూ," అన్నాడు జాయిద్ రొప్పుతూ, "ఆ మేజోడు ఊడదియ్యి. అది మీ వదినది."