తల ఆన్చుకునే కుర్చీ

నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, పళ్ళ మధ్య తెల్లటి ప్లాస్టిక్ హుక్కులు బిగించి పట్టుకుని ఆమె కర్టెన్ తగిలిస్తోంది. హుక్కు నోట్లోంచి చేతికి, చేతిలోంచి మడతలోకి, అక్కడి నుంచి రాడ్డు మీది రింగుకు. కింద సోఫాలో కూర్చున్న ఇంటావిడ బట్ట అంచు వేళ్ళతో తడిమి చూసింది.

"ఎంత నాజూకైన పనండీ. కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సొస్తోంది."

నోట్లో హుక్కులున్నాయి కనుక ఆమె జవాబు చెప్పనక్కరలేకపోయింది. కుట్టింది అక్క. తగిలించిందెవరని ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. కర్టెన్ తీరుగా వేలాడితే అది కుట్టు గొప్పతనం, వంకరగా వేలాడితే తగిలించిన చేతుల తప్పు. న్యాయం అలా స్థిరపడిపోయింది.

చామనచాయ మనిషి. ఎత్తిన చేతులు గంటసేపు దించకుండా ఉండగల భుజాలు, మెట్ల అంచులు ఒత్తుకుని కాయలు కాచిన పాదాలు. కొత్త బట్టలోంచి రాలే నూగు ఒంటికి పడక దురద పెడుతుందని మెడ చుట్టూ ఎప్పుడూ పాత నూలుగుడ్డ చుట్టుకుని ఉంటుంది. ఆ గుడ్డ లేకుండా ఆమెను చూసినవాళ్ళు షాపులో ఎవరూ లేరు. ఇంట్లోనూ చూసి చాలాకాలమైంది.

దగ్గు తెర వచ్చింది. కిందటి వారం పట్టుకున్న జలుబు దగ్గులోకి దిగి వదలడం లేదు. దగ్గినప్పుడల్లా మెడ ఎడమవైపు, దవడ కింద, సూదితో కలుక్కున పొడిచినట్టవుతోంది. మొన్న లిఫ్టు పనిచేయని మేడ మీదికి ముఖమల్ బట్ట తానును భుజాన వేసుకుని మెట్లెక్కింది. మలుపు దగ్గర గోడకు తగలకుండా తలను ఒక్కసారిగా పక్కకు తిప్పింది. నొప్పి అప్పటి నుంచీ ఉంది. ఎడమ చెవిలో గుండె కొట్టుకుంటున్నట్టు, ఎవరో విసనకర్రతో లయగా విసురుతున్నట్టు ఒక చప్పుడు మాత్రం చిన్ననాటి నుంచీ ఉన్నదే. అందరికీ అలాగే వినిపిస్తుందనుకుంది కాబట్టి ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఈ రెండు రోజులుగా అది పెద్దదైంది.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ కర్టెన్ల షాపులో ఒకే రోజు చేరారు. మొదట్లో ఒక వారం ఒకరు మిషను మీద, ఒకరు నిచ్చెన మీద. మరుసటి వారం మార్పిడి. రెండేళ్ళ క్రితం అక్కకు బీపీ మందులకు లొంగకుండా పెరిగింది. కారణం వెతుకుతూ పోయిన డాక్టరుకు ఆమె మెడలోని రక్తనాళాలు పూసల దండలాగా ఒకచోట ఉబ్బి, ఒకచోట సన్నబడి కనిపించాయి. గోడలు పల్చబడ్డాయని, లోపలి పొర చిరిగే ప్రమాదముందని ఆయన చెప్పాడు. బరువులెత్తకూడదు. తల వెనక్కి వాల్చి ఎక్కువసేపు పనిచేయకూడదు. మెడ ఒక్కసారిగా తిప్పకూడదు, ఎవరిచేతా విరిపించుకోకూడదు. ఒకపక్క మెడనొప్పి గాని, ఎన్నడూ లేని తలనొప్పి గాని వచ్చినా, ఒక కంటి రెప్ప వాలినా అరక్షణం ఆగకూడదు. ఆ రోజు నుంచి అక్క మెడకు కూడదన్న పనులన్నీ చెల్లెలి మెడకు బదిలీ అయ్యాయి. ఇది ఎవరి క్రూరత్వమూ కాదు. ఇద్దరిలో ఒకరికి జబ్బుంటే రెండోవారు ఆరోగ్యవంతులని మనుషులు తేలిగ్గా అనుకుంటారు, అంతే.

అక్కకు కుర్చీ కూడా ఆ నెలలోనే వచ్చింది. షాపు యజమాని తానే వెళ్ళి ఎంచి తెచ్చాడు. ఎత్తైన వీపు, తల ఆన్చుకోవడానికి పైన మెత్తటి దిండు, వెడల్పాటి చేతులు. దాని దిండుకు గలేబు కుట్టమని చెల్లెలికే చెప్పారు. కుట్టింది. ఒక్కసారైనా అందులో కూర్చోలేదు.

మధ్యాహ్నానికి నిచ్చెన మోసుకుంటూ షాపుకు చేరేసరికి బావ భోజనం డబ్బా తెచ్చి, గిన్నెలు విప్పి, భార్య ముందు సర్దుతున్నాడు. ఆమె తల వెనుక దిండు కొంచెం జారితే లేచి సరిచేశాడు. తర్వాత మరదలి వైపు తిరిగి, "నువ్వు కూడా తినమ్మా" అన్నాడు. ఆ 'కూడా' ఆమెకు కంట్లో నలుసులా తగిలింది. తనకు పెళ్ళి కుదరలేదు. కుదర్చాలని ఎవరూ పట్టుబట్టనూ లేదు.

"ఏం నిచ్చెనమ్మా, అయిందా ఆ ఇల్లు?" యజమాని పలకరించాడు.

"అయింది సార్. మెడ పట్టేసింది. తల కూడా పగిలిపోతోంది."

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, అక్కకి మెడయితే నీకూ మెడేనా? రెండో కుర్చీ కొనే తాహతు నాకు లేదమ్మోయ్."

బావ నవ్వాడు. బట్ట కొలుస్తున్న గుమాస్తా నవ్వాడు. అందరికంటే చివర ఆమె కూడా నవ్వింది. దాని పర్యవసానం ఒక్కటే: నొప్పి గురించి ఇక ఎవరితోనూ అనకూడదని ఆ క్షణాన నిశ్చయించుకుంది.

నవ్వనిది అక్క ఒక్కతే. కలిపిన ముద్ద గిన్నెలోనే వదిలేసి చెల్లెలి ముఖంలోకి చూస్తోంది.

"ఇటు తిరుగు."

"ఎందుకు?"

"ఎడమకన్ను రెప్ప వాలిపోయింది."

"రాత్రి నిద్ర లేదు."

"ఒక్క కంటికేనా నిద్ర లేనిది?" అక్క చెయ్యి కడుక్కుని లేచింది. "పద ఆసుపత్రికి. ఇది డాక్టరు చెప్పిన లక్షణమే."

"చెప్పింది నీకు."

"తోడబుట్టినదాన్ని కూడా స్కానింగ్‌కి తీసుకురమ్మన్నాడు. ఎన్నిసార్లు రోజు ఖాయం చేశాను? ప్రతిసారీ ఏదో ఒక ఇంట్లో నిచ్చెనెక్కి కూర్చున్నావు."

"నువ్వు విడిచిన గౌన్లు తొడిగాను. అరిగిన చెప్పులు తొడిగాను. చిరిగిన పుస్తకాలు చదివాను. ఇప్పుడు జబ్బు కూడా నువ్వు వాడేశాక నాకివ్వాలా?"

"పిచ్చిదానా, జబ్బేమన్నా నగా, వాటాకి తగువాడ్డానికి?"

"అమ్మ పోలిక నీది. ముఖం నీది, మెడ నీది, అమ్మని తీసుకెళ్ళిన జబ్బూ నీదే. నాది నాన్న పోలిక. గట్టిపిండాన్ని. పుట్టినప్పటి నుంచీ అందరూ అనే మాటేగా."

అమ్మ నలభై నిండకముందే ఒక ఉదయం తలనొప్పి అంటూ పడుకుని లేవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా పెద్దపిల్ల గడ్డం పట్టుకుని "అచ్చం తల్లే" అని ఏడ్చారు. చిన్నదాని తల నిమిరి, "ఇది తండ్రి పోలిక, తట్టుకుంటుంది" అన్నారు. తట్టుకోవడం ఆమె ఉద్యోగమైంది. పోలిక చూసి జబ్బు ఎవరికొచ్చిందో తేల్చేసుకున్న ఆ ఇంట్లో, నిజంగా ఆమె స్కానింగ్‌ను తప్పించుకున్నది జబ్బు బయటపడుతుందన్న భయంతో కాదు. ఏమీ బయటపడదేమోనన్న భయంతో. అమ్మది ఏ కాస్తా తన ఒంట్లో లేదని యంత్రం కూడా చెప్పేస్తే, ఇక ఆ మాట కొట్టేసే దారి ఉండదు.

షాపు ముందు నమూనాలు చూపే అద్దాల గూటికి ఆకుపచ్చ ముఖమల్ కర్టెన్ సాయంత్రంలోగా పడాలి. అక్క వారమంతా కుట్టిన బట్ట. చెల్లెలు నిచ్చెన తెరిచి నిలబెట్టింది. అక్క వచ్చి అడ్డం నిలబడింది.

"సరే, నేనెక్కుతాను. నువ్వు మీ బావతో ఆసుపత్రికి పో."

అన్నదే తడవుగా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. బావ ఒకవైపు నుంచి, యజమాని ఒకవైపు నుంచి పరుగెత్తుకొచ్చి చెరొక రెక్కా పట్టుకుని ఆమెను దించారు. "నీకేమన్నా మతిపోయిందా", "ఏదైనా అయితే ఎవరమ్మా దిక్కు" అంటూ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. బావ చేతులు వణుకుతున్నాయి.

చెల్లెలు ఆ వణుకు చూసింది. తన కోసం ఇంతవరకూ ఏ చెయ్యీ వణకలేదు. అక్క నిజంగానే ఆ మెట్టు తన కోసం ఎక్కిందన్న సంగతి మనసుకు తెలుస్తూనే ఉంది. కాని అసూయ ముందు తెలివి ఎప్పుడూ ఒక అడుగు వెనకే నడుస్తుంది. బట్టను భుజాన వేసుకుని, హుక్కులు పళ్ళ మధ్య పెట్టుకుని, రోజూ ఎక్కేదానికంటే చకచకా ఎక్కేసింది.

అక్క రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. "ఇది తగిలించాక వస్తావా?"

పైనుంచి తల ఊగింది. వస్తానని.

పనిని ఆమె ఎన్నడూ తొందరపడి పాడుచేయలేదు. మడత వెనుక మడత సమంగా పరుచుకుంటూ పోయింది. మధ్యాహ్నపు ఎండలో ముఖమల్ నీళ్ళలా మెరిసింది. చెవిలోని విసనకర్ర వేగం పెరిగింది. ఆఖరి హుక్కు దగ్గర కుడిచెయ్యి రింగును వెతికి, దొరక్క, గాలిలోనే ఉండిపోయింది. ఆమె దాని వంక పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూసింది. హుక్కును మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకుని, ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. చివరి మెట్టు దగ్గర అక్క ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసింది. డాక్టరు వద్దన్న బరువును ఎత్తినట్టే తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

బావ వాహనం కోసం వీధిలోకి పరుగెత్తాడు. యజమాని గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె తల దిండుకు ఆన్చి చూసుకుంది. ఎడమచేత్తో నోట్లోని హుక్కు తీసి కుర్చీ చేతి మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఏమంత మెత్తగా లేదే అక్కా, ఈ కుర్చీ" అంది. మాటలు కొంచెం ముద్దగా వచ్చాయి.

"లేదమ్మా. నేను ముందే చెప్పాల్సింది."

ఆ జవాబు ఆమెకు తృప్తినిచ్చినట్టే ఉంది. పెదవి ఒకవైపు మాత్రమే నవ్వింది. వాహనం వచ్చేసరికి పిలిస్తే పలకడం లేదు.

ఆసుపత్రిలో నర్సు మెడ చుట్టూ ఉన్న నూలుగుడ్డ విప్పింది. మంచం పక్కన నిలబడ్డ అక్క ఆ మెడను చూసి, మంచం మీదికి వంగింది. సన్నగా, పొడుగ్గా, గొంతు కింద చిన్న గుంటతో అమ్మ మెడ. తాను రోజూ అద్దంలో చూసుకునేదానికంటే కూడా అమ్మకు దగ్గరగా ఉంది.

మర్నాడు తెల్లవారకముందే అంతా అయిపోయింది. ఎడమ నాళం లోపలి పొర చిరిగిందని, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు పోయిందని డాక్టరు చెప్పాడు. ఏది చింపిందని అక్క అడిగింది. దగ్గా, మొన్నటి బరువా, మెడ తిప్పడమా, నిచ్చెనా.

"ఏదో ఒక్కటని చెప్పలేనమ్మా. గోడ పల్చనైతే ఇవన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. ఈవిడ నాళాలూ మీవాటిలాగే ఉన్నాయి."

"మా చెల్లెలిది నాన్న పోలిక అనేవాళ్ళండీ" అంది అక్క. "కాదు. అమ్మ పోలికే."

కార్యాలన్నీ ముగిశాక అక్క షాపుకు వచ్చింది. అద్దాల గూటిలో కర్టెన్ ఒక చివర రింగుకు అందక కొద్దిగా జారి ఉంది. దాన్ని సరిచేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. యజమాని కుర్చీ ముందుకు జరిపాడు. ఆమె కూర్చోలేదు. మిషను దగ్గరికి ముక్కాలిపీట లాక్కుంది.

కుర్చీ చేతి మీద తెల్లటి హుక్కు ఒకటి, రెండు పంటిగాట్లతో, పెట్టినచోటే ఉంది.