యాభై దాటితే వణికే జీపు

భరద్వాజ తన జీపు ఎత్తు పెంచడానికి గట్టి కారణమంటూ ఏమీ లేదు. బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఇంటి నుంచి కాలేజీకి మూడు కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. ఆదివారాలు మాత్రం సూర్యలంక బీచికి వెళ్లేవాడు. ఒకసారి అక్కడ చక్రాలు ఇసుకలో కూరుకుపోతే, వలలు లాగేవాళ్లు నలుగురు వచ్చి తోశారు. వాళ్లలో సింగయ్య అనే పెద్దాయన, "బండి పొట్ట ఇసక మీద ఆనిపోతంది సారూ, ఇంత కిందకుంటే ఎట్టా?" అని నవ్వాడు. ఆ నవ్వు భరద్వాజ మనసులో ఉండిపోయింది.

తెనాలిలో కొల్లూరు వెళ్లే రోడ్డు మీద యాకోబు షెడ్డు ఉంది. పాత జీపుల పని అతనికి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. కమాను కట్టలకి పట్టీలు చేర్చి, వాటిని చాసిస్‌కి పట్టివుంచే షాకిళ్లు పొడుగువి బిగించి, పెద్ద టైర్లు వేసి, జీపుని నాలుగు అంగుళాలు లేపాడు. తాళం ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త నసిగాడు.

"సార్, ఎత్తు పెరిగేసరికి ముందు ఇరుసు వాలు మారిపోయిందండి. మలుపు తిప్పాక స్టీరింగు దానంతటది వెనక్కి రావట్లేదు, చూశారుగా. ఇరుసు కింద వెడ్జు ముక్కలు వెయ్యాలి, స్టీరింగు రాడ్డు ఎండ్లు కూడా మార్చాలి. సామాను విజయవాడ నుంచి రావాలండి. పది రోజులు బండి ఇక్కడే వదిలెయ్యండి."

"పది రోజులా? వచ్చే ఆదివారం ఫ్రెండ్స్ వస్తున్నారు యాకోబూ."

"అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. యాభై దాటొద్దు. దాటినప్పుడు గతుకు తగిలితే స్టీరింగు కొట్టుకుంటది. అట్టాంటప్పుడు బ్రేకు మీద కాలెయ్యకండి. యాక్సిలేటరు వదిలేసి, స్టీరింగు గట్టిగా పట్టుకుంటే అదే సర్దుకుంటది."

భరద్వాజ తలూపి వచ్చేశాడు. పొన్నూరు దాటాక ఖాళీ రోడ్డు చూసి అరవైకి పోనిచ్చాడు. చిన్న గతుకు. అంతే, స్టీరింగు చేతుల్లో చేపలా కొట్టుకుంది. ముందు చక్రాలు రెండూ చెరోవైపు ఊగుతున్నట్టనిపించింది. యాకోబు చెప్పినట్టే యాక్సిలేటరు వదిలేశాడు. జీపు నలభైకి దిగాక వణుకు ఆగింది. రోడ్డు పక్కన ఆపుకొని కాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అలాగే అయింది. సామాను వచ్చిందని యాకోబు రెండుసార్లు ఫోన్ చేశాడు. వస్తానన్నాడు, వెళ్లలేదు. యాభై లోపు నడుపుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాడు.

భరద్వాజ అక్క వాగ్దేవి తెనాలిలోనే ఉంటుంది. వేమూరు అవతల ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. ఏళ్ల తరబడి రెండు బస్సులు మారి బడికి వెళ్లి వచ్చింది. నలభై ఏడో ఏట, ఇంట్లో ఎవరూ చేరమనకుండానే డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఆమె భర్త నరసింహమూర్తి కాలేజీలో సంస్కృతం చెబుతాడు, ఆయనకి సైకిలు తప్ప ఏదీ రాదు. "ఇప్పుడు నీకెందుకే ఈ అవస్థ?" అని నెలరోజులు హాస్యమాడాడు. ఆమె వినలేదు. లైసెన్సు తెచ్చుకొని, చిన్న ఎర్ర కారు కొనుక్కొని, రెండేళ్లుగా ఒక్క గీత కూడా పడకుండా నడుపుతోంది.

మాఘమాసంలో ఒక ఆదివారం, రేపల్లెలో ఉండే వాగ్దేవి అత్తగారి చెల్లెలింట్లో వ్రతం. అత్తగారు శకుంతలని తీసుకుని వాగ్దేవి వెళ్లాలి. ముందురోజే ఎర్ర కారు క్లచ్చి చెడిపోయి షెడ్డుకి పోయింది. శని, ఆదివారాలు గడుపుదామని భరద్వాజ జీపేసుకొని అక్కడికే వచ్చివున్నాడు.

"ఒరేయ్, నువ్వు మమ్మల్ని దింపేసి వస్తావా?" అని అడిగింది వాగ్దేవి.

అతనికి ఆ పూట పాత మిత్రుడు వినయ్ కుమార్‌ని కలవాలని ఉంది. "నువ్వే తీసుకెళ్లక్కా. నీకు వచ్చుగా" అంటూ తాళం చేతిలో పెట్టాడు.

ఆమె మొహం వెలిగింది. అంత పెద్ద బండి తనకి ఎవరూ ఇవ్వలేదు.

శకుంతలమ్మ జీపెక్కడానికి పీట వెయ్యాల్సి వచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ నరసింహమూర్తి, "ఏమోయ్, దీనికి నిచ్చెన వేరే కొనుక్కోవాలా? ఉన్న బండిని పాడు చేసుకోవడానికి తెనాలి దాకా వచ్చావన్నమాట" అన్నాడు.

సరిగ్గా అప్పుడే భరద్వాజ నోటి దాకా మాట వచ్చింది. యాభై దాటొద్దక్కా, వణికితే బ్రేకు వెయ్యొద్దు. పది క్షణాల పని. కానీ ఆ మాటంటే బావగారికి నవ్వడానికి ఇంకో సంగతి దొరుకుతుంది. అక్క ఎలాగూ మెల్లగానే నడుపుతుందని తనకి తాను చెప్పుకొని, "జాగ్రత్తక్కా" అని మాత్రం అన్నాడు.

గంట తర్వాత ఫోన్ వచ్చింది. భట్టిప్రోలు దాటాక ఒక కాలవ కల్వర్టు మీద గతుకు తగిలి, జీపు అదుపు తప్పి, రోడ్డు దిగి మినపచేలోకి ఒరిగిపోయింది. వాగ్దేవికి పైపైన గీసుకుంది. శకుంతలమ్మ కుడి మణికట్టు మాత్రం ఒంటి కింద నలిగి రెండు చోట్ల విరిగింది.

భరద్వాజ, బావగారు తెనాలి ఆసుపత్రి చేరేసరికి ఆమెని ఆపరేషన్‌కి సిద్ధం చేస్తున్నారు. వరండాలో బెంచీ మీద వాగ్దేవి కూర్చుని ఉంది. పట్టుచీర కుచ్చిళ్లనిండా నల్లమట్టి. తమ్ముణ్ణి చూడగానే రెండు చేతులూ ముందుకు చాచింది.

"ఏమైందో తెలియట్లేదురా. కల్వర్టు మీదికి రాగానే స్టీరింగు ఒకటే వణుకు. పట్టుకోలేకపోయాను. బ్రేకు తొక్కాను, పక్కకి లాగేసింది. స్టీరింగు వణికిందో, నా చేతులే వణికాయో..." ఆమె అతని మొహంలోకి చూసింది. "అది నీకెప్పుడైనా అలా వణికిందా?"

బావగారు పక్కనే ఉన్నాడు. నర్సు కాగితాల మీద సంతకం అడుగుతోంది. భరద్వాజ అక్క చేతులు పట్టుకొని, "లేదక్కా. భయపడి ఉంటావు. నీ చేతులే వణికి ఉంటాయి" అన్నాడు.

ఆమె కాసేపు తన చేతులవైపు చూసుకుంది. "అంతే అయి ఉంటుంది" అంది.

నరసింహమూర్తి ఆమెని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇక చాలు వాగ్దేవీ. ఆ కారు అమ్మేద్దాం" అన్నాడు మెత్తగా. ఆమె తలూపింది.

ఒరిగిన జీపుని లాగించి యాకోబు షెడ్డుకి చేర్చారు. ఈసారి అతను వెడ్జులూ వేశాడు, రాడ్డు ఎండ్లూ మార్చాడు. పని ముగించాక, చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "అమ్మగారికి చెప్పారా సార్, యాభై దాటొద్దని?"

"చెప్పాను" అన్నాడు భరద్వాజ.

"అయ్యో, చెప్పినా వెళ్లారా? అసలు నాది తప్పు సార్. పని మిగిలుండగా బండి ఇవ్వకుండా ఉండాల్సింది."

బాపట్ల తిరిగి వెళ్తుంటే జీపు ఎనభైలో కూడా కత్తిలా తిన్నగా పోయింది. అది వణికేదని నిరూపించడానికి ఇప్పుడు ఏమీ మిగల్లేదు. అందుకు హాయిగా ఉండాల్సింది. ఉండలేదు. కాలేజీలో బరువు పైకి జరిగితే వస్తువు ఎందుకు త్వరగా ఒరుగుతుందో చెబుతూ, బోర్డు మీద బండి బొమ్మ గీయబోయి ఆగిపోయాడు. పిల్లలు ఎదురుచూశారు. డస్టర్ అందుకొని, "మిగతాది రేపు" అని బయటికి వచ్చేశాడు.

రెండు వారాలకోసారి తెనాలి వెళ్లేవాడు. వెళ్లిన ప్రతిసారీ చూడకూడనిదేదో కంటబడేది. శకుంతలమ్మకి డెబ్బై రెండేళ్లు వచ్చినా ఒత్తయిన జుట్టు, తన జడ తనే అల్లుకునేది. ఇప్పుడు వాగ్దేవి బడికి వెళ్లేముందు కూర్చోబెట్టి అల్లుతోంది. అన్నం కలిపి పెడుతోంది. తర్వాత బ్యాగు భుజాన వేసుకొని, ఏడింటికల్లా మళ్లీ ఆ రెండు బస్సుల కోసం నడిచి వెళుతోంది. ఎర్ర కారు మీద కవరు కప్పేశారు. అంగలకుదురులో ఎవరో కొంటామన్నారట.

"నువ్వు రోజూ అత్తయ్యగారికి ఇంత చేస్తున్నావు..." అని అతనేదో అనబోతే, "చెయ్యకపోతే ఎలారా? చేసింది నేనేగా" అంది.

ఆ రాత్రి చెబుదామనుకున్నాడు. పొద్దున బావగారి ముఖం చూసి ఊరుకున్నాడు. చెప్పని ప్రతి వారమూ తర్వాతి వారం చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది.

చైత్రంలో ఒక సాయంత్రం వాగ్దేవి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇవాళ బస్టాండులో ఒకాయన పలకరించాడు. నీ జీపు మెకానిక్కట, యాకోబు. ఊళ్లోవాడేగా, నన్ను ఎరుగునట. నన్ను చూసి ఎంత బాధపడ్డాడో. 'యాభై దాటొద్దని సారు మీకు చెప్పారంట కదమ్మా' అన్నాడు. నువ్వు నాకు అలా చెప్పావా?"

భరద్వాజ లేచి గది తలుపు మూశాడు.

"చెప్పే ఉంటావులే. పొద్దుటి నుంచి గుర్తుచేసుకుంటున్నా, రావట్లేదు. ఆ గేటు దగ్గర హడావిడిలో విని ఉండను. మొన్న తొమ్మిదో తరగతిలో ఒక లెక్క తప్పు చేశాను. నాకేమన్నా అవుతోందేమోనని భయంగా ఉందిరా. మరిచిపోతున్నానా? నిజం చెప్పు, చెప్పావు కదూ?"

చెప్పానంటే ఆమె నమ్మేస్తుంది. తన బుర్రనే అనుమానించుకుంటూ బతుకుతుంది.

"అక్కా, పొద్దున్నే వస్తున్నాను. వచ్చి మాట్లాడతాను" అన్నాడు.

మర్నాడు జీపు తియ్యలేదు. మొదటి రైలెక్కి తెనాలిలో దిగి, నడిచి వెళ్లాడు. ముందుగదిలో శకుంతలమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. వెనక వాగ్దేవి దువ్వెనతో చిక్కు తీస్తోంది. బావగారు కాఫీ తాగుతున్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే మొదలుపెట్టాడు. యాకోబు చెప్పింది, పొన్నూరు దగ్గర తనకి వణికింది, ఆ తర్వాత మరో రెండుసార్లు వణికింది, సామాను వచ్చినా వెళ్లకపోవడం, గేటు దగ్గర చెప్పబోయి మానేయడం, యాకోబుతో ఆడిన అబద్ధం. ఆసుపత్రిలో అన్న మాట తప్ప ఏదీ వదల్లేదు.

దువ్వెన ఆగిపోయింది.

"అయితే నేనేమీ మరిచిపోలేదు" అంది వాగ్దేవి నెమ్మదిగా.

"లేదక్కా. నేను చెప్పలేదు."

"ఆసుపత్రిలో నేను అడిగాను. నువ్వేమన్నావు?"

"అక్కా..."

"ఏమన్నావో చెప్పు. ఈయనా వినాలి, అత్తయ్యగారూ వినాలి."

"నీ చేతులే వణికి ఉంటాయన్నాను."

నరసింహమూర్తి గ్లాసు కింద పెట్టాడు. ఏదో కఠినమైన మాట అనబోయి, భార్య వైపు చూసి మానుకున్నాడు. ఆయన మొహంలో కోపం కన్నా వేరే ఏదో ఉంది. "నేను నవ్వుతాననా నువ్వు ఊరుకున్నావు?" అని అడిగాడు చివరికి. భరద్వాజ తలవంచుకున్నాడు.

శకుంతలమ్మ విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని అతన్నే చూస్తోంది. "చెయ్యి విరిగిందని నీ మీద నాకు కోపం లేదు నాయనా. బండన్నాక ఏదో ఒకటి అవుతుంది. కానీ ఈ పిల్ల రోజూ నా జడ వేస్తూ వెనకనించి ఏడ్చేది. నాకు కనపడదనుకునేది. అది మాత్రం నీ వల్లే."

అతను ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఏడుపొచ్చింది. ఎవరూ ఓదార్చలేదు, అలా ఓదార్చకపోవడమే అతనికి సబబుగా అనిపించింది.

వాగ్దేవి జడ అల్లడం పూర్తిచేసి, రబ్బరు బ్యాండు పెట్టి, బ్యాగు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ అంగలకుదురు వాళ్లకి కారు అమ్మట్లేదని చెప్పెయ్యండి" అని భర్తతో అంది. భరద్వాజతో ఏమీ అనలేదు. బస్సుకే వెళ్లింది.

అదే రోజు అతను యాకోబు షెడ్డుకి వెళ్లి అక్కడా నిజం చెప్పాడు. యాకోబు చేతిలోని పానా కింద పెట్టాడు. "ఆ అమ్మగారిని బస్టాండులో అందరి ముందు అనేశాను సార్" అన్నాడు. సాయంత్రం తనే ఆ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగి వచ్చాడట.

రెండు నెలలు వాగ్దేవి ఫోనెత్తలేదు. భరద్వాజ జీపు ఎత్తు దింపించేశాడు. అందువల్ల ఏమీ మారదని అతనికీ తెలుసు. వేసవి సెలవుల్లో ఒకరోజు శకుంతలమ్మే ఫోన్ చేసింది.

"నీకో మాట చెబుదామని. నిన్న వాగ్దేవి కారు తీసింది. కొల్లూరు దాకా వెళ్లి అరటిగెల తెచ్చింది."

"పక్కన ఎవరున్నారండి?"

"ఎవరూ లేరు. మావాడు వస్తానన్నా వద్దంది. తిరిగొచ్చాక పావుగంట కార్లోనే కూర్చుంది. తర్వాత దిగొచ్చి మంచినీళ్లు తాగింది. ఇవాళ పొద్దున మళ్లీ వెళ్లింది."

"ఒకసారి అక్కకి ఇస్తారా?"

అవతల ఫోన్ చేతులు మారే చప్పుడు కోసం చూశాడు. ఏవో మాటలు దూరంగా వినిపించాయి. మళ్లీ శకుంతలమ్మే మాట్లాడింది. "పనిలో ఉందిట నాయనా. తర్వాత చేస్తానంది."

ఆ రోజు చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. నాలుగో రోజు బజారు నుంచి వస్తుండగా ఫోన్ మోగింది. వాగ్దేవి క్షేమం అడగలేదు, పాత సంగతి ఎత్తలేదు. "అత్తయ్యగారికి గుంటూరులో చెయ్యి చూపించాలి. బుధవారం నేనే తీసుకెళ్తున్నాను. నువ్వు వస్తే వెనక సీట్లో ఆవిడ పక్కన కూర్చో" అంది.

"వస్తానక్కా" అన్నాడు.

ఆమె అప్పటికే పెట్టేసింది.