నాలుక కింది నరం

అరుగు మీద కూర్చుని మంగలి మునస్వామి తోలుపట్టీకి కత్తి రుద్దుతున్నాడు.

"గట్టిగా పట్టుకోమ్మే బిడ్డను. కదిలిందంటే కండ తెగుతాది," అంది అత్త సువార్తమ్మ.

విక్టోరియా నాలుగేండ్ల గ్లోరీని ఒళ్లో అదుముకుని గోడవైపు జరిగింది. బిడ్డకు ఇంకా ఒక్క మాట రాలేదు. నాలుక కింది నరం కోస్తే మాటలొస్తాయని పుంగనూరులో అందరూ చెప్పేదే. రెండేండ్ల కిందట పెద్దవాడు బర్నబాసుకూ ఇట్లాగే కోయించారు. వారం తిరక్కుండా దవడలు బిగుసుకున్నాయి. మదనపల్లె ఆస్పత్రికి చేరేలోపే వాడు పోయాడు. ఇల్లు సద్దుమణిగితే చాలు, వాడి పండ్లు పటపటలాడిన చప్పుడు ఆమెకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"ఆయనొచ్చినంక సూద్దామత్తా."

ఆమె మొగుడు మదనపల్లెలో పదహారు రూపాయల జీతానికి ఆస్పత్రి వార్డులు కడుగుతాడు. నెలకొకసారి వస్తాడు.

"వాడొచ్చి సూసేదేముండాది? పెద్దోడికి పాత కత్తి. ఇది కొత్తది. నీదేమో అరవం, మాది తెలుగు. రెండూ చేరి బిడ్డ నాలిక కట్టేసినాయి. నీ అరవం మాన్పించి మూడేండ్లయినా ముడి ఇడవలేదే!"

మునస్వామి నవ్వాడు. "నాలిక ఇప్పేదానికి నాకు నాలుగణాలు, శేరు రాగులు. నా పెండ్లాం నాలిక కట్టేసేవాళ్లుంటే నేనే రూపాయిస్తానమ్మా."

సువార్తమ్మ నవ్వలేదు. మనవరాలు మూగదైపోతుందన్న దిగులు ఆమెనూ తింటోంది.

మునస్వామి వేలు బిడ్డ పెదవులకు తగిలింది. గ్లోరీ వణికిపోయింది. భయపడొద్దని చెప్పబోయిన విక్టోరియా నోట్లోంచి తనకు తెలియకుండానే తమిళం జారింది.

"బయపడాదే కణ్ణే..."

వెంటనే గ్లోరీ తన చిన్న అరచెయ్యి తల్లి నోటి మీద పెట్టి గట్టిగా అదిమింది. ఆపైన నాయనమ్మ వైపు భయంభయంగా చూసింది.

తమిళం మాట వినబడితే చాలు, మూడేండ్లుగా సువార్తమ్మ కోడలి నోరు మూసేది ఇట్లాగే. బిడ్డ చూస్తూనే ఉంది. చూసి నోరు మూసుకోవడం నేర్చుకుంది.

విక్టోరియా ఆ చేతిని మెల్లగా తీసింది.

"నరం బాగానే ఉండాది అత్తా. కోయనియ్యను."

"రేపు మూగదైతే ఆ పాపం ఎవురిది?"

"నాదే."

బిడ్డను చంకనెత్తుకుని మెట్లు దిగింది. వెనకనుంచి సువార్తమ్మ శాపనార్థాలు పెడుతూ, మధ్యలోనే ఏడ్చేసింది.

పుట్టిల్లు కుప్పం. అక్కడికి పోయే బస్సు, బొగ్గుతో నడిచేది, పొగ కక్కుతూ కదిలింది. కిటికీలోంచి ఆవును చూపించి అరవంలో "మాడు" అంది విక్టోరియా. చెట్టును చూపించి "మరం" అంది. వెనక సీటు ముసలాయన, "ఆ బిడ్డకు చెవుడామ్మా, అంతగా అరస్తాండావు?" అన్నాడు. ఆమె బిడ్డను కిటికీకి ఇంకా దగ్గరగా జరిపింది. అత్త చెప్పిందే నిజమైతే? నరమే అయితే? చేతులారా బిడ్డను మూగదాన్ని చేస్తున్నానా? అయినా చెబుతూనే ఉంది.

పలమనేరు దాటేసరికి గొంతు బొంగురుపోయింది. గ్లోరీ రెప్ప వాల్చకుండా తల్లి పెదవులనే చూస్తోంది. దాని నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆకలితోనో, మాట కోసమో, విక్టోరియాకు తెలియలేదు.